చుట్టానికి కాచిన నీళ్లు

మన తెలుగులో ఆడమనిషి కడుపుతో ఉంటే నీళ్లోసుకుందంటాం. బిడ్డను కంటే నీళ్లాడిందంటాం. అడిగినదానికి జవాబు చెప్పలేనివాణ్ణి నీళ్లు నములుతున్నాడంటాం. ఇక దక్కదనుకున్నదాని మీద నీళ్లొదులుకుంటాం. పుట్టకముందు నుంచి పోయేదాకా ఇన్ని నీళ్లుంటే, వాటిలో ఏం కలిసిందో చూసేవాడు మాత్రం మదనపల్లెలో ఒక ఇరుకు గదిలో కూర్చుని ఉంటాడు. వాణ్ణి నేనే. పేరు వెంకటముని. నీళ్లలో మునగబోయేవాడికి ముని అని పేరు పెట్టడం మా నాయన ముందుచూపు.

మా పనిని మర్యాదగా చెప్పాలంటే నీటి నాణ్యత పరీక్ష. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఊళ్లు తాగే నీళ్లలో మలం కలిసిందా లేదా అని చూడటం. కమలంలో ఒక్క అక్షరం తీసేస్తే మిగిలే మాటే గదా సార్, పలికితే ఏం పోయింది అంటే మా ఆఫీసరు ప్రసాదరావు గారు ముఖం చిట్లిస్తారు. ఆయన ‘కోలీఫాం’ అంటారు. ఇంగ్లీషులో అంటే వాసన రాదు.

మా దగ్గర లెక్కలన్నీ తిరగబడి ఉంటాయి. నెగెటివ్ అంటే శుభవార్త, పాజిటివ్ అంటే అశుభం. ఎప్పుడూ పాజిటివ్‌గా ఉండండి అని ఉపన్యాసాలిచ్చేవాళ్లను నేను ల్యాబు గడప తొక్కనివ్వను. పరీక్ష చాలా సులువు. మందున్న చిన్న సీసాలో ఊరి నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చటి పెట్టెలో పెట్టి రెండు రోజులు మరిచిపోవాలి. మంచి నీళ్లయితే లేత పసుపు రంగులోనే ఉంటాయి. మలం తాలూకు క్రిములుంటే సీసా బొగ్గులాగా నల్లబడుతుంది. నల్లబడిన ఊరికి చెడ్డ రిపోర్టు పోతుంది. చెడ్డ రిపోర్టు పోతేనే పాత పైపులు తీసి కొత్తవి వేస్తారు. అంటే మా పరీక్షలో తప్పిన ఊరు బాగుపడుతుంది, ప్యాసైన ఊరు ఎట్లా ఉన్నది అట్లాగే ఉంటుంది. నా ల్యాబులో తప్పినవాడికే లాభం.

పెద్దపంజాణి దగ్గర ఎర్రబండపల్లె ఎప్పుడూ ప్యాసయ్యే ఊరు. అది నా చెల్లెలు గౌరమ్మ మెట్టిన ఊరు. నా కూతురు ఉషారాణిని గౌరమ్మ కొడుకు గిరీష్‌కే ఇచ్చాను కాబట్టి నా కూతురు కాపురం చేసే ఊరు కూడా అదే. ఊరి నీళ్లు సీసాలో పట్టి మదనపల్లెకు పంపే పని మహిళా సంఘం తరఫున గౌరమ్మదే. పంపేది చెల్లెలు, చూసేది అన్న. సీసా ఎప్పుడొచ్చినా దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉండేది. ల్యాబులో అందరూ నవ్వేవాళ్లు. మీ చెల్లెలు నీళ్లు పంపుతోందా, శుభలేఖ పంపుతోందా అనేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

నవ్వు ఆగిపోయింది కుప్పంలో.

ఉషారాణి కూతురికి రెండేళ్లు దాటాయి. లిఖిత అని పేరు పెట్టింది నేనే. రాసిపెట్టినది అని అర్థం. అప్పుడు చాలా గొప్పగా అనిపించింది. ఆ బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. పుంగనూరులో చూపిస్తే తగ్గాయి. ఇంటికొస్తే మళ్లీ మొదలయ్యాయి. మళ్లీ పుంగనూరు, మళ్లీ ఇల్లు, మళ్లీ అదే. చివరికి బిడ్డ నిలబడలేకపోతే గిరీష్ తన టమోటా బండిలోనే కుప్పం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

నేను వెళ్లేసరికి లిఖిత మంచంలో దిండు కంటే తేలిగ్గా ఉంది. చేతికి సెలైను. నన్ను చూసి నవ్వబోయి, నవ్వడానికి ఓపిక చాలక కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ ఫెబా నన్ను వరండాలోకి పిలిచింది.

“బిడ్డ తాగే నీళ్లు యాడివి అప్పా?”

“ఊరి కొళాయి నీళ్లమ్మా. బాగుండాయి. నేనే పరీక్ష చేస్తాను.”

ఆమె చేతిలోని కేసు షీటు మూసింది.

“మళ్లీ చూడండి. మందు నేనిస్తాను, బిడ్డను లేపి ఇంటికి పంపుతాను. కానీ అవే నీళ్లు తాగితే మళ్లీ ఈడికే వస్తాది. ఒంట్లో ఇంకేమీ మిగల్లేదు. ఇంకోసారి వస్తే తట్టుకుంటాదని నేను మాటివ్వలేను.”

ఆ ఆదివారమే కుప్పంలో బస్సెక్కి, పలమనేరులో మారి, ఎర్రబండపల్లెలో దిగాను. ఉషారాణి ఆసుపత్రిలో బిడ్డ దగ్గర ఉండిపోయింది. గిరీష్ బండి తోలుకుపోయాడు. ఇంట్లో గౌరమ్మ ఒక్కతే ఉంది. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. పక్కనే నాలుగు మడతల తెల్లగుడ్డ. గట్టు మీద మా ల్యాబు సీసా, పసుపు రాయించుకుని, బొట్టు పెట్టించుకుని, పెళ్లిచూపులకు కూర్చున్న పిల్లలాగా ఎదురుచూస్తోంది.

“ఎవురికమ్మా కాస్తాండావు?”

“నీకే అన్నా. రేపు సీసా మదనపల్లెకు పోవాల గదా.”

“సీసాలోకి కాచిన నీళ్లు యాల?”

“అదేందన్నా అట్లడగతావు?” గౌరమ్మ నిజంగానే నొచ్చుకుంది. “నువ్వు తాగి సూస్తావు గదా! అన్నకు పచ్చినీళ్లు పంపుతానా? గుడ్డలో వడగట్టి, బాగా తెర్లించి, సల్లారినాక పోస్తాను. మొదటినుంచీ అంతే.”

నేను సీసాను చేతిలోకి తీసుకుని గట్టు మీద కూర్చున్నాను.

“మేము తాగము తల్లీ. మందులో పోసి చూస్తాము.”

“మందులో పోస్తే రుచి ఎట్ల తెలుస్తాది?”

“రుచి కాదు. కోలీఫాం ఉండాదా లేదా అని చూస్తాము.”

“కోళ్ల ఫారమా? అది మనూళ్లో యాడుండాది? పెద్దపంజాణి దారిలో గదా ఉండేది?”

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటను ల్యాబులో నెల్లాళ్లు చెప్పుకుని నవ్వేవాణ్ణి.

“సీసా పట్టేదానికి మీ సంఘానికి ట్రైనింగిచ్చిన మేడం ఏం చెప్పింది గౌరమ్మా?”

“కొళాయి తిప్పి నేరుగా పట్టమనింది. ఆ యమ్మకేం? సూసేది ఆ యమ్మ అన్న కాదు గదా.”

“మరి మీరు తాగేటివి?”

“మాకేముండాది, బిందెలోవే. ఇంట్లోవాళ్లకు కూడా కాస్తా కూర్చుంటే కట్టెలు యాడనుంచి తెచ్చేది? సుట్టాలొస్తే కాస్తాము.”

అంటూ నాకు ఒక గ్లాసు ఇచ్చింది. గోరువెచ్చగా, జీలకర్ర వాసనతో ఉన్నాయి. గౌరమ్మ ఇంట్లో ఇన్నేళ్లుగా నేను తాగినవి ఇవే. నా కడుపుకు ఎన్నడూ ఏమీ కాలేదు. చుట్టపుచూపుగా వచ్చే అన్న కడుపు చల్లగా ఉంది, అన్నకు పంపే సీసా చల్లగా ఉంది. బిందెలో నీళ్లు తాగిన బిడ్డ కుప్పంలో పడుకుని ఉంది.

నీళ్ల మోటారు చూసే కొండప్పను వెంటబెట్టుకుని పైపు దారి పట్టాను. ట్యాంకు నుంచి వచ్చే పైపు కొంతదూరం బాగానే వచ్చి, ఇళ్ల వెనక మురికి కాలవలోకి దిగింది. దిగినచోట గోనెపట్టా చుట్టి తాడు కట్టి ఉంది. ఆ కాలవలోకే రెండు మరుగుదొడ్ల గుంతలు పొంగి కారుతున్నాయి.

“ఈ కట్టు ఎప్పటిది కొండప్పా?”

“అది పగిలి శానా కాలమాయె అప్పా. కానీ కారదు. మోటారేస్తే రెండు సుక్కలు బయటికి పోతాయి, అంతే.”

“మోటారు ఆపితే?”

“ఆపితే ఏమైతాది? ఖాళీగా ఉంటాది.”

ఖాళీ పైపు ఊరికే ఉండదు, లోపలికి పీలుస్తుంది. కాలవలో ఏది పారితే అది పీలుస్తుంది. మళ్లీ మోటారు వేయగానే అదంతా ముందుగా కొళాయిలోకి, కొళాయి నుంచి బిందెలోకి. మరిగించిన నీళ్ల చాటున మరుగుదొడ్డి మరుగున పడింది. మూడు మాటలూ ఒకే ఇంటివని నాకు అక్కడ కాలవ గట్టున తెలిసింది. కొండప్పకు చెబితే పెద్దగా నవ్వాడు. నవ్వించడం నాకెప్పుడూ వచ్చు.

కొళాయి తిప్పి నేరుగా ఒక సీసా పట్టుకుని మదనపల్లె చేరాను. రెండో రోజు పెట్టె తెరిస్తే సీసా లిఖితకు దిద్దే కాటుక కంటే నల్లగా ఉంది. నా ఉద్యోగంలో నలుపును చూసి సంతోషపడటం అదే మొదలు. సీసాను అరచేతిలో పెట్టుకుని ప్రసాదరావు గారి గదికి పరుగెత్తాను.

ఆయన చెడ్డవాడు కాడు. సీసాను వెలుతురుకు పెట్టి చూసి నిట్టూర్చాడు.

“పట్టింది ఎవరు మునీ?”

“నేనే సార్.”

“పరీక్ష చేసింది?”

“నేనే.”

“ఊరు?”

“మా చెల్లెలిది సార్. మా మనవరాలు కుప్పం ఆసుపత్రిలో...”

“పట్టింది నువ్వు, చూసింది నువ్వు, ఊరు నీ బంధువులది. ఇది పైకి పంపితే వాళ్లు నీళ్లను వదిలేసి నిన్ను పరీక్ష చేస్తారయ్యా. ఇన్నాళ్లూ బాగుందని రాసింది కూడా నువ్వే గదా?” గోడ మీది క్యాలెండరు చూశాడు. “వచ్చే వారం బుధవారం నేనే వస్తాను. నా చేత్తో నేనే పడతాను. నల్లబడితే బిడ్డ ఇంటికి వచ్చేలోపల పైపు మార్పించే పూచీ నాది.”

ఆయన కాళ్లకు దండం పెట్టబోతే ఆయనే వెనక్కి జరిగాడు. వెంటనే గౌరమ్మకు ఫోను చేశాను.

“బుధవారం మా ఆఫీసరు వస్తాండాడు. నువ్వేం చెయ్యద్దు. కాచద్దు, వడగట్టద్దు, బొట్టు పెట్టద్దు. నీళ్లు ఎట్లుండాయో అట్లే ఉండనీ. తెలిసిందా?”

“తెలిసిందిలే అన్నా. ఒట్టు, ఏమీ కాచను.”

బుధవారం మా జీపు ఎర్రబండపల్లె పొలిమేరలోకి వచ్చేసరికి మనుషుల కంటే ముందు వాసన ఎదురొచ్చింది. ముక్కులో మంట పుట్టించే బ్లీచింగ్ వాసన. వీధి ఊడ్చి ముగ్గులేశారు. కొండప్ప ఇస్త్రీ చొక్కాతో, చేతిలో పూలదండతో నిలబడ్డాడు. వెనకాల గౌరమ్మ, సంఘం ఆడవాళ్లు పట్టుచీరల్లో.

“ఏం చేసినావు కొండప్పా?” అన్నాను జీపు దిగుతూనే.

“మనూరికి ఆఫీసరు రావడం ఇదే మొదలు గదప్పా! మురికినీళ్లు సూపించేదానికి మాకు సిగ్గుండదా? నిన్న ఊరంతా కూడి ట్యాంకులోకి దిగి రుద్దినాము. ఏడాదికిచ్చే బ్లీచింగు మూట మొత్తం కుమ్మరించినాము. పైపులన్నీ ఆ నీళ్లతోనే పొద్దుగూకేదాకా కడిగినాము.”

నేను గౌరమ్మ వైపు తిరిగాను. ఆమె గొంతు పట్టుకుని ఒట్టేసింది.

“నేను ఒక్క సుక్క కూడా కాచలేదన్నా. కానీ ఆఫీసరొస్తాంటే ఊళ్లో సెప్పకుండా ఎట్లుంటాను? రేపు నన్నేమంటారు?”

ప్రసాదరావు గారు దండ వేయించుకున్నారు. కొళాయి తిప్పి తన చేత్తో సీసా పట్టారు. నేను ఆయన వెనకే తిరిగాను.

“సార్, ఇవి ఊరి నీళ్లు కావు. నిన్నటి మందు నీళ్లు. రెండు రోజుల్లో మళ్లీ కాలవ నీళ్లే వస్తాయి.”

“నీళ్లలో మందుండటం మంచిదే గదయ్యా. రోజూ ఇట్లాగే వెయ్యమని చెప్పు.”

“రోజూ ఏసేదానికి యాడుండాది సార్?” అన్నాడు కొండప్ప సంతోషంగా. “అంతా మీకే ఏసేసినాము.”

“పోనీ పైపు చూడండి సార్, కాలవలో...”

చూశాడు. గోనెపట్టా తీసేసి కొత్త రబ్బరు చుట్టారు. పైన మట్టి కప్పి, ఆ మట్టి మీద కూడా ముగ్గేశారు.

“చెప్పకుండా ఇంకోసారి రండి సార్. ఒక్కసారి.”

“ఇంకోసారంటే వానలు పోయినాకే మునీ. నాకెన్ని ఊళ్లున్నాయో నీకు తెలుసు.” ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి బరువుగా, దయగా ఉంది. ఎవరో కొబ్బరి బొండం కొట్టి ఇచ్చారు. తాగి జీపెక్కాడు. ఆ ఊళ్లో నీళ్లు తాగనివాడు ఆయనొక్కడే.

రెండు రోజుల తర్వాత ఆ సీసా పసుపుగానే ఉంది. రిపోర్టు రాసి సంతకం పెట్టాను. అబద్ధం రాయలేదు. ఆ సీసాలో ఉన్నవి మంచి నీళ్లే.

ఫెబా డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. లిఖితను లేపి, నడిపించి, ఇంటికి పంపింది. పంపేటప్పుడు ఉషారాణికి మళ్లీ చెప్పింది, నాకు మళ్లీ చెప్పింది. నేను మదనపల్లెకు తీసుకుపోతానన్నాను. నా ఇంట్లో చూసేదెవరు? నా భార్య పోయి చాలా కాలమైంది. పొద్దంతా నేను ల్యాబులో సీసాల్ని సాకుతుంటాను. ఉషారాణికి పుంగనూరు బట్టల కొట్టులో పని, గిరీష్‌కు రోడ్డే ఇల్లు. పగలంతా బిడ్డ గౌరమ్మ చంకలోనే.

“నేనుండేటప్పుడు కాచే పోస్తాండాను నాయనా,” అంది ఉషారాణి ఫోనులో. “నేను లేనప్పుడు అత్తకు నువ్వే చెప్పు. నేను చెబితే ఆమె నీళ్లకు వంక పెట్టినట్టుంటాది.”

తర్వాతి ఆదివారం వెళ్లాను. బట్టల కొట్టుకు ఆదివారమే గిరాకీ కాబట్టి ఉషారాణి లేదు. లిఖిత వాకిట్లో కోడిపిల్ల వెంట తిరుగుతోంది. కాళ్లింకా పుల్లల్లాగే ఉన్నాయి కానీ తిరుగుతోంది. గౌరమ్మ నన్ను చూడగానే పొయ్యి రాజేసింది. నీళ్లు తెర్లించి, జీలకర్ర వేసి, ఆరబెట్టి, గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. అంతలో లిఖిత వచ్చి నీళ్లడిగింది. గౌరమ్మ లేచి బిందె వైపు నడిచింది.

“పాపకు కూడా ఈ నీళ్లే పొయ్యమ్మా.”

“ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో పోసినాలే అన్నా. ఇప్పుడు బాగుండాది గదా. బాగున్న బిడ్డకు ఇంకా రోగి నీళ్లే పోస్తాంటే, రోగం దారి గుర్తుపెట్టుకుని మళ్లీ వస్తాది.”

“బిందె నీళ్లు మంచివి కాదు గౌరమ్మా. నా సీసా నల్లబడింది.”

“ఆఫీసరు పట్టిన సీసా పసుప్పచ్చగా ఉండాదని నువ్వే గదా రాసిండేది? పంచాయితీలో అతికించినారు. నీ సంతకమే ఉండాది. రాసింది నువ్వే, ఇప్పుడు కాదనేదీ నువ్వే. ఏ అన్న మాట నమ్మేది నేను?”

నేను నీళ్లు నమిలాను. గోరువెచ్చటి, జీలకర్ర నీళ్లు.

“పోనీ ఒక పని చెయ్యి. పాప ఇంటి బిడ్డ అనుకోవద్దు. నాలాగే చుట్టమనుకో. చుట్టానికి కాచినట్టే కాచి...”

నా మాట పూర్తి కాలేదు. గౌరమ్మ ముఖంలో రంగు మారింది. బిడ్డను లాగి ఒళ్లో వేసుకుంది.

“ఆ మాట ఇంకోసారి అనద్దు. సుట్టాలంటే ఎవురన్నా? వచ్చి పొయ్యేటోళ్లు. నా బిడ్డ పొయ్యేదానికి వచ్చిందా? కుప్పంలో ఆ మంచం మీద సూసినాక కూడా నీకు నోరెట్లొచ్చింది?”

లేచి గుప్పెడు ఉప్పు తీసి లిఖిత చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఉప్పు చిటపటమని పేలింది. ఆ బిడ్డ కోసం నాకంటే ఎక్కువ భయపడే మనిషి ఎవరైనా ఉంటే అది గౌరమ్మే. ఆ భయంలోకి నేనిప్పుడు ఇంకో మాట వేశాను. ఆమె ఇక చచ్చినా బిడ్డకు చుట్టం నీళ్లు పోయదు.

గ్లాసులో సగం నీళ్లు మిగిలాయి. లిఖితను దగ్గరికి పిలిచి నా చేత్తోనే తాగించాను. తాత ఎంగిలి చుట్టం నీళ్ల లెక్కలోకి రాదు కాబట్టి గౌరమ్మ అడ్డం చెప్పలేదు.

“ఇంకో గ్లాసు ఇయ్యి గౌరమ్మా. దప్పిగా ఉండాది.”

ఇచ్చింది. రెండు గుక్కలు నేను, మిగిలింది బిడ్డ.

“ఇంకోటి.”

“ఏందన్నా ఇంత దప్పి?” అని నవ్వింది. కోపం తగ్గినట్టుంది. “మదనపల్లెలో నీళ్లే లేవా?”

“ఉండాయి. అన్నీ సీసాల్లో ఉండాయి.”

గౌరమ్మ పకపకా నవ్వి మళ్లీ పొయ్యి మీద గిన్నె పెట్టింది. మధ్యాహ్నమంతా అట్లా గడిచింది. నేను అడగడం, ఆమె కాచి ఇవ్వడం, బిడ్డ తాగడం. గిన్నె దించిన ప్రతిసారీ ఒక చెంబు నింపి పక్కన పెట్టుకోవాలని చూశాను. సుట్టం సెంబు దాచుకుంటే మాకు మర్యాదా అని గౌరమ్మ లాక్కుంది. లిఖిత పొట్ట గట్టిగా డోలులాగా అయింది. దాన్ని వాయించుకుని నవ్వింది. నాకు తెలిసిన ఆటల్లో ఇదొక్కటే పనికొచ్చింది, ఇది కూడా బస్సు వచ్చేదాకానే.

బస్సు హారను ఊరి మలుపులో వినబడింది. మదనపల్లెకు ఆ రోజుకు అదే ఆఖరుది. రేపు పొద్దున ఇంకే ఊళ్లవో సీసాలొస్తాయి. నేను గ్లాసు కింద పెట్టి లేచాను. గౌరమ్మ సంచిలో చెనక్కాయలు పోసి ఇచ్చింది. మళ్లీ ఎప్పుడొస్తావన్నా అంది. వచ్చే ఆదివారం అన్నాను. ఆమె సంతోషపడింది.

నేను వాకిలి దిగుతుంటే లిఖిత నా గ్లాసు తీసుకుని గడపదాకా వచ్చింది. అందులోకి తొంగి చూసింది. ఏమీ లేవు. వెనక్కి తిరిగి నానమ్మకు గ్లాసు చాపింది.

“నీల్లు.”

గౌరమ్మ బిందె మూత తీసింది.